హోర్డింగు నిచ్చెన నుంచి తెర దాకా: హుసేన్ దారిలో మేమెక్కడ?

ఆదోనిలో బొంబాయి రైలెక్కితే రాయచూరు, వాడి, షోలాపూర్ దాటాక కుర్దువాడి వస్తుంది. పండరీపురం పోయేవాళ్లు అక్కడ దిగుతారు. ఆ పండరీపురంలోనే 1915లో ఒక సులేమానీ బోహ్రా ఇంట్లో మక్బూల్ ఫిదా హుసేన్ పుట్టాడు. అంటే ఆయన మా రైలు దారి మనిషి. హైదరాబాదు కన్నా ముందు మాకు బొంబాయి తెలుసు. మా తాతలు కూలి కోసం, మా మామూలు సినిమా పిచ్చితో, మా అన్నలు మెకానిక్ పని కోసం ఎక్కిన రైలు అది. హుసేన్ ఎక్కింది ఇందూరులో, వేరే రైలు. ఆ సంగతి మాకు తెలియక కాదు. కానీ ఆయన బొంబాయిలో దిగి చేసిన మొదటి పని మాత్రం మా వాళ్లు చేసిందే. బ్రష్షు పట్టుకొని నిచ్చెనెక్కడం.

ఈ వ్యాసం రాయాలనుకున్నప్పుడు మాలో మాకే తగాదా వచ్చింది. హుసేన్ గురించి మనమెందుకు రాయాలి, ఆయన మీద ఇంగ్లీషులో అటకల నిండా పుస్తకాలున్నాయి కదా అన్నారు కొందరు. కోట్లకు బొమ్మలమ్ముకున్నవాడికీ, ఎమ్మిగనూరులో షాపుల బోర్డులు రాసే సాయిబుకూ ఏం చుట్టరికం అన్నారు ఇంకొందరు. రెండో ప్రశ్నలో బలముంది. దానికి మా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. కానీ ఇప్పటిదాకా హుసేన్‌ని ఎవరెవరు ఏమేమి అన్నారో చూస్తే, మేం అనాల్సింది ఒకటి మిగిలిపోయిందని తోచింది. హిందూత్వవాదులు ఆయన్ని ముసల్మాను అన్నారు, ఆ ఒక్క మాటతోనే నేరం రుజువైపోయినట్టు. ఉలేమాలు కొందరు ఆయనకు దీన్ తెలియదన్నారు. లౌకికవాద మిత్రులు ఆయన మొదట భారతీయుడు, తర్వాతే ముస్లిం అన్నారు. అక్కున చేర్చుకుంటూనే అన్నారు గానీ, ఆ ‘తర్వాతే’ అనే మాట మాకెప్పుడూ గుచ్చుకుంటూనే ఉంటుంది. గ్యాలరీల వాళ్లు బ్రాండు అన్నారు. పనివాడు అన్నవాళ్లు మాత్రం తక్కువ. మేం అక్కణ్నించి మొదలుపెడతాం.

హుసేన్‌కి రెండేళ్లు నిండకముందే తల్లి జైనబ్ చనిపోయింది. ఆమె ముఖం ఆయనకు గుర్తులేదు, చూసుకోడానికి ఫొటో కూడా లేదు. తాత తగరపు పనివాడు, దీపాలు చేసేవాడు. తండ్రి ఇందూరులో బట్టల మిల్లు ఉద్యోగి. కొన్నాళ్లు బరోడా మదర్సాలో అరబ్బీ రాతకళ నేర్చుకున్నాడు. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే హుసేన్ బొమ్మల్లో, సినిమాల్లో లాంతరు ఎందుకు మళ్లీ మళ్లీ వస్తుందో, ఆడమనిషికి ముఖం ఎందుకుండదో, గీత అంత ధైర్యంగా ఎలా పోతుందో సగం అర్థమవుతుంది. కళా విమర్శకులు దీనికి పికాసో అనీ క్యూబిజం అనీ పేర్లు పెట్టారు. పెట్టనీండి, కాదనం. తగరం కత్తిరించేవాడి ఇంట్లో పెరిగినవాడికి ఒక వస్తువు అంచు ఎక్కడ మొదలై ఎక్కడ మళ్లుతుందో చేతికే తెలుస్తుంది. అరబ్బీ ఖత్ రాసినవాడికి చెయ్యి ఎత్తకుండా గీత తిప్పడం తెలుస్తుంది. ఇవి మా ఇళ్లలో ఉన్న చదువులే. బడి సర్టిఫికెట్లలో వీటికి మార్కులుండవు, అంతే.

1930ల మధ్యలో బొంబాయి చేరి, ఫుట్‌పాత్‌ల మీద పడుకుంటూ సినిమా హోర్డింగులు వేశాడు. ఈ పని గురించి రాసేవాళ్లంతా ‘కడు పేదరికంలో’ అని ఒక వాక్యం రాసి ముందుకు పోతారు. మేం పోలేం. మా ఊళ్లలో ఆ పని చూస్తూ పెరిగాం. చిన్న ఫొటో మీద పెన్సిలుతో గళ్లు గీస్తారు. గోడంత గుడ్డ మీద అవే గళ్లు సున్నం దారంతో కొడతారు. ఇక్కడి ఒక గడి అక్కడ బారెడు అవుతుంది. దగ్గరుండి వేసేవాడికి ముఖం కనపడదు, ఒక చెంప ముక్కో, కనురెప్పలో సగమో కనపడుతుంది. ఆ ముక్క దూరం నుంచి చూసేవాడికి ఎలా కనిపిస్తుందో లోపల లెక్కేసుకుంటూ వేయాలి. మధ్యమధ్య నిచ్చెన దిగి రోడ్డుకు అవతల నిలబడి చూసి, మళ్లీ ఎక్కాలి. శుక్రవారం సినిమా మారితే మొన్నటి ముఖం మీద తెల్లరంగు కొట్టి కొత్త ముఖం వేయాలి. వేసినవాడి పేరు కింద మూలన చిన్న అక్షరాల్లో, ఎక్కువసార్లు ఇంటిపేరు కూడా లేకుండా, ‘ఆర్ట్స్’ అనే తోకతో.

సినిమా దర్శకుడికి కావాల్సిన శిక్షణ ఇంతకన్నా ఏముంటుంది? ఏ ముక్క దగ్గరగా చూపాలి, ఏది దూరంగా. చూసేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడు. రంగు ఎంత దూరం పోతుంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో పుట్టింది, అహ్మదాబాదు డిజైన్ సంస్థ 1961లో. వాటికి పాతికేళ్ల ముందే హుసేన్ ఆ చదువు రోడ్డు మీద చదివేశాడు. 1940ల్లో పిల్లల బొమ్మలూ పిల్లల గది సామానూ డిజైను చేసి సంసారం నడిపాడు. 1947లో సూజా, రజా, ఆరా తదితరులు ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పెట్టినప్పుడు అందులో చేరాడు. మిగతాది అందరికీ తెలిసిన కథ.

ఎమ్మిగనూరు సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టాక ఆ ఊరు మగ్గాల ఊరుగా పేరు పడింది. జకార్డు మగ్గం మీద అంచుకో పువ్వుకో డిజైను కావాలంటే గళ్ల కాగితం మీద గడిగడికీ చుక్కపెట్టి, దాన్నిబట్టి అట్టలకు బెజ్జాలు గుద్దుతారు. హోర్డింగు గళ్లూ, మగ్గం గళ్లూ ఒకే లెక్క. ఈ లెక్క తెలిసినవాణ్ని ఇప్పుడు విజువల్ డిజైనర్ అంటున్నారు. మా వైపు ‘డిజైను వేసేటోడు’ అంటారు, ‘టోడు’ దగ్గర గొంతు కాస్త దించి. పద్మసాలి అయినా దూదేకుల అయినా కుర్ని అయినా ఆ మనిషి కూలి పట్టీలోనే ఉంటాడు. కళ అనేది వేరే ఊళ్లో, వేరే కులాల వాళ్ల ఇళ్లలో జరుగుతుంది.

1967లో ఫిల్మ్స్ డివిజన్ హుసేన్ చేతికి కెమెరా ఇచ్చింది. రాజస్థాన్ పోయి పదిహేడు నిమిషాల నలుపు తెలుపు సినిమా తీసుకొచ్చాడు: ‘త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్’. కథ లేదు. మొదట్లో ఆయన చెప్పే రెండు మూడు మాటలు తప్ప వ్యాఖ్యానం లేదు. గొడుగు, లాంతరు, చెప్పు, ఆవు, కోట గోడ, నీళ్లు, పిల్లలు. ఒకదాని పక్కన ఒకటి. సంగీతం మన తెలుగువాడు ఏల్చూరి విజయరాఘవరావు. ప్రభుత్వ డాక్యుమెంటరీ అంటే గంభీరమైన గొంతు ఒకటి ఆనకట్టలనీ ఎరువులనీ వివరిస్తూ పోయే రోజులవి. ఆ గొంతు లేకపోతే ఇదేం సినిమా అని అడిగేవాళ్లు ఉండే ఉంటారు. అదే సంవత్సరం బెర్లిన్‌లో లఘుచిత్రాల విభాగంలో గోల్డెన్ బేర్ వచ్చింది.

మాకు ఈ సినిమా ఇప్పటికీ హుసేన్ తీసినవాటిలో అన్నిటికన్నా మిన్న అనిపిస్తుంది. కారణం సాదా. ఇందులో వస్తువుకు మర్యాద ఉంది. గొడుగు గొడుగుగానే ఉంది, దేనికీ చిహ్నం కానక్కర్లేదు. లాంతరు ఎవరో పనివాడు చేసిన లాంతరు. చెప్పు ఎవరో విడిచిన చెప్పు. మనిషి కనపడనప్పుడు కూడా మనిషి పని కనపడుతుంది. తర్వాతి సినిమాల్లో ఇదే ఆయన పోగొట్టుకున్నాడని మా అభిప్రాయం.

‘గజగామిని’ 2000లో వచ్చింది. మాధురీ దీక్షిత్ మీద ఆయనకున్న మోజు గురించి పత్రికలు రాసినంత సినిమా గురించి రాయలేదు. మేం ఆ మోజును వెక్కిరించం. ఎనభై దాటిన మనిషి ఒక సినిమా తారను చూసి బొమ్మలు వేస్తే అందులో తప్పేముంది, మన కవులు చేసిందేమిటి? మా పేచీ వేరే. ఆ సినిమాలో ఒక ఆడమనిషి తలమీద మూట పెట్టుకొని నడుస్తుంది. హుసేన్‌కి ఆ మూట చాలా ఇష్టం. బనారసు గుడ్డి గాయని, శకుంతల, మోనాలిసా, నేటి యువతి, అందరూ ఆ ఒక్క స్త్రీయే అని ఆయన ఊహ. సెట్లు పెద్దవి, రంగులు నిండుగా, తెర ఎక్కడ ఆపినా చిత్రపటం. అంతా బాగుంది, మూటకే బరువు లేదు.

ఆదోని మార్కెట్ యార్డు చూసినవాళ్లకు మూట అంటే ఏమిటో తెలుసు. పత్తి వచ్చే కాలంలో తెల్లని గుట్టలు, వాటి మీద ఆడవాళ్లు, జిన్నింగు మిల్లుల్లో దుమ్ము పీల్చి దగ్గే ఆడవాళ్లు. పత్తి తేలికని అంటారు. తలమీద పెట్టుకొని నడిస్తే మెడనరాలు చెబుతాయి ఎంత తేలికో. ఆ మెడ బిగుసుకుంటుంది, నడుము ఒక పక్కకు వాలుతుంది, కాలు ఆచితూచి పడుతుంది. దూరం నుంచి చూసే బొమ్మలాయనకు అది ఏనుగు నడకలా ఉంటుంది. నిజమే, అందంగానూ ఉంటుంది. కానీ మూటలో ఏముంది, అది ఎవరిది, దించితే ఎంత ఇస్తారు అనే మూడు ప్రశ్నలు అడగకుండా ఆ నడకను తెరకెత్తితే, ఆ అందం మా అక్కల దగ్గర లాక్కున్న అందం అవుతుంది. 1967లో రాజస్థాన్ వీధిలో హుసేన్ కన్ను ఈ తప్పు చేయలేదు. 2000లో స్టూడియో లోపల చేసింది. హోర్డింగు వేసేరోజుల్లో నిచ్చెన దిగి రోడ్డుకు అవతల నిలబడి చూసేవాడు కదా. పేరొచ్చాక అలా దిగడం మానేసినట్టుంది.

ఇక్కడ మన తెలుగులో ఇదే దారిన నడిచిన ఇంకొకాయన్ని తలచుకోకుండా ఉండలేం. బి. నర్సింగరావు కూడా ముందు చిత్రకారుడే, హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదివినవాడు. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకుడిగా ‘మాభూమి’ నిర్మించాడు. 1983లో ‘రంగుల కల’లో చిత్రకారుడి పాత్ర తనే వేశాడు. 1988లో ‘దాసి’. ఆ ఒక్క సినిమాకు ఐదు జాతీయ అవార్డులొస్తే అందులో మూడు కంటి పనికి వచ్చాయి: కెమెరా పనికి ఒకటి, కళా దర్శకత్వానికి తోట వైకుంఠంకు, దుస్తులకు సుదర్శన్‌కు. ‘దాసి’లో గడీ గోడలూ, బిందెలూ, నేల తుడిచే గుడ్డా చూడండి. ఏ వస్తువు చూసినా దాన్ని ఎవరు మోస్తారో, ఎవరు వాడతారో తెలుస్తుంది. బొమ్మ అందంగా ఉండటానికీ, పని కనపడటానికీ మధ్య గొడవ లేదని ఆ సినిమా చూపించింది. హుసేన్ ‘గజగామిని’కీ దీనికీ తేడా ప్రతిభలో లేదు, ఎవరి పక్కన నిలబడి చూశారన్న దాంట్లో ఉంది.

అయితే నర్సింగరావు గారిని పొగిడి చేతులు దులుపుకోడం కుదరదు. ‘మాభూమి’కి మూలం కృష్ణచందర్ ఉర్దూ నవల. తెలంగాణ రైతు కథ మొదట నవలగా వచ్చింది మా అమ్మీజాన్ మాట్లాడే భాషలో. ఈ సంగతి సినిమా గురించి రాసే మన వామపక్ష మిత్రులు ఒక పంక్తిలో చెప్పి వదిలేస్తారు. ఉర్దూ అంటే నిజాం భాష, దొర భాష అని ఒకపక్క, రజాకార్ల భాష అని ఇంకోపక్క అలవాటైపోయినచోట, రైతు తిరుగుబాటు కథ కూడా ఆ భాషలో రాశారని నొక్కి చెబితే కథ కాస్త అడ్డం తిరుగుతుంది మరి. తెలుగు ఆర్టు సినిమా ఈ అడ్డం తిరిగిన ముడిని విప్పలేదు. తెలుగు మామూలు సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో మేం ఖవ్వాలీ పాడే టోపీలమో, ‘నిమ్‌ళ్కి’ అని తెలుగు విరగ్గొట్టే నవ్వులాటలమో, 1990ల తర్వాత బాంబులమో. మాలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. దూది ఏకి బతికిన దూదేకులోళ్లు పత్తి ఊరైన ఆదోని చుట్టూ తరాలుగా ఉన్నారు. మమ్మల్ని మసీదులో సగం ముసల్మానులంటారు, ఊళ్లో పూర్తి తురకోళ్లంటారు. తెర మీద ఏమీ అనరు. అసలు లేం కదా.

మా జనం తమ గొంతుతో మాట్లాడిన సినిమా ఒకటి గుర్తొస్తుంది. 1984 హైదరాబాదు అల్లర్ల మీద దీపా ధన్‌రాజ్ తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో?’, 1986. అందులో ఇళ్లు కాలినవాళ్లు, కర్ఫ్యూలో కూలి పోయినవాళ్లు కెమెరాతో సూటిగా మాట్లాడతారు. నాయకులూ మాట్లాడతారు, ఆ మాటలు ఏం చేశాయో పక్కనే కనపడుతుంది. అందాల కోసం తీసిన సినిమా కాదది. కానీ ముస్లిం బస్తీని గుబాళింపులూ గజళ్లూ లేకుండా చూపించవచ్చని మాకు మొదట తెలిసింది దాంతోనే. ఆ సినిమా మా ఊళ్లకు రాలేదు. పెద్దయ్యాక వెతుక్కొని చూశాం.

హుసేన్‌కీ హైదరాబాదుకీ బంధం పాతది. రామ్‌మనోహర్ లోహియా ఆయనతో, టాటా బిర్లాల డ్రాయింగు రూముల్లో వేలాడే బొమ్మలు ఎన్నాళ్లు వేస్తావు, రామాయణం వేయి అన్నాడట. హైదరాబాదులో బద్రివిశాల్ పిత్తీ ఇంట్లో ఉండి ఏళ్ల తరబడి ఆ రామాయణ చిత్రాలు వేశాడు. వాటిని ఎడ్లబండ్ల మీద ఊళ్లకు తీసుకుపోయి పరిచి చూపించామని, రాముడి కన్ను ఏది, ముక్కు ఏది అని ఏ రైతూ అడగలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. మాకు ఇందులో ఆశ్చర్యం లేదు. మా వైపు డ్రామా కంపెనీల తెరల మీద కైలాసమూ అయోధ్యా వేసిన సాయిబులున్నారు. లారీల నుదుటి మీద వెంకటేశ్వరస్వామి నామాలు దిద్దినవాళ్లున్నారు. మంత్రాలయం మఠానికి భూమి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్‌ఖాన్ అని స్వామి భక్తులే చెబుతారు. ఆదోని జామియా మసీదు కట్టించిందీ ఆయనే. అనుమతి పత్రం ఎవరు ఎవర్ని అడిగారు?

అడిగే రోజు 1996లో వచ్చింది. 1970ల నాటి సరస్వతి బొమ్మను ఒక హిందీ పత్రిక వెలికి తీసింది. 1998లో బొంబాయిలో ఆయన ఇంటిమీద పడ్డారు. దేశం నలుమూలలా కేసులు. 2006లో దేశం విడిచాడు. 2008 మేలో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది, ఆ తీర్పు చదవదగ్గది. అయినా రాలేకపోయాడు. 2010లో కతార్ పౌరసత్వం తీసుకున్నాడు. 2011 జూన్ 9న లండన్‌లో పోయాడు, అక్కడి మట్టిలోనే కలిశాడు. ఆ బొమ్మల మీద మా అభిప్రాయం అడుగుతారు గనక చెబుతున్నాం. అవి అందరికీ నచ్చాలని లేదు. నచ్చలేదని చెప్పే హక్కు మా పక్కింటి సుబ్బమ్మకూ ఉంది. కానీ ఇరవై ఏళ్లు ఊరుకొని, తర్వాత వేసినవాడి పేరు చూసి కోపం తెచ్చుకుంటే ఆ కోపం బొమ్మ మీద కాదు. ఆనాటి నుంచి మా బోర్డు రాసే మామూ ఒకాయన గుడి కమిటీ పని వస్తే, సంతకం కింద ‘ఆర్ట్స్’ ముందున్న తన పేరు వదిలేయడం మొదలుపెట్టాడు. ఎవరూ వద్దనలేదు. ఆయనే మానుకున్నాడు. హుసేన్ మీద దాడి ఎంత దూరం తగిలిందో తెలియాలంటే లండన్ చూడక్కర్లేదు.

హుసేన్‌ని కడిగిన ముత్యంగా చూపడం కూడా మాకు చేతకాదు. ఎమర్జెన్సీలో ఇందిరను దుర్గగా వేశాడు. జైళ్ల నిండా జనమున్న రోజుల్లో అది చిన్న తప్పు కాదు. 1986లో రాజ్యసభకు పోయాడు. అధికారం పక్కన నిలబడటం ఆయనకు ఇబ్బందిగా ఉండేది కాదు. ఆ పక్కన నిలబడ్డ అధికారమేదీ చివర్లో ఆయన్ని వెనక్కి తెచ్చుకోలేదు. అదొక పాఠమని మేం అనం, జరిగింది చెబుతున్నాం.

‘మీనాక్షి: మూడు నగరాల కథ’ 2004 ఏప్రిల్‌లో వచ్చింది. మేం దాన్ని హాల్లో చూడలేదు, సీడీలో చూశాం. ఎందుకంటే అందులో ‘నూరున్ అలా’ పాటలో ఖురాన్ మాటలు వాడారని కొందరు ఉలేమాలు అభ్యంతరం చెప్పగానే హుసేన్ సినిమాను హాళ్లనుంచి తీసేసుకున్నాడు. ఆ పాట మేం పదిసార్లు విన్నాం. ప్రేమించినదాన్ని వెలుగుతో పోల్చడం సూఫీలకు కొత్తా? దర్గాల్లో మనం విని తలలూపేదేమిటి? పీర్ల పండక్కి పీరు ముందు పాడుకునేదేమిటి? ఇటు మనవాళ్లూ అటు వాళ్లూ ఒకటే అని తూకం వేసే లౌకిక మిత్రులతో మాత్రం మేం ఏకీభవించం. ఒకరు సినిమా ఆపారు, ఇంకొకరు దేశం లేకుండా చేశారు. రెండింటి బరువూ ఒకటి కాదు. కానీ మనవాళ్లు చేసింది తప్పు కాకుండా పోదు. అది మనమే చెప్పాలి, వేరేవాళ్లు చెప్పేదాకా ఆగకూడదు.

సినిమా సంగతి. హైదరాబాదులో నవాబు అనే రచయిత. చాలాకాలంగా రాయలేక ఉన్నాడు. అత్తరు అమ్మే ఒక అమ్మాయి, మీనాక్షి, వచ్చి నా గురించి రాయి అంటుంది. టబూ ఆ వేషం వేసింది, ఆమె హైదరాబాదు పిల్లే. నవాబు రాస్తాడు. ఆమె చదివి, ఇది నేను కాదు అంటుంది. కథను జైసల్మేరుకు మారుస్తాడు, ప్రేగుకు మారుస్తాడు. ఆమె మళ్లీ పెదవి విరుస్తుంది. కథలో ప్రియుడు కామేశ్వర్ మాత్రం కార్ల మెకానిక్. సంతోష్ శివన్ కెమెరా, రెహమాన్ పాటలు. కంటికీ చెవికీ పండుగే.

ఈ సినిమాలో ఒక గొప్ప ఊహ ఉంది. పాత్ర లేచి రచయితను నిలదీయడం. తెలుగులో మేం రాస్తున్నదంతా ఒక రకంగా ఆ పనే. కానీ ఆ ఊహను హుసేన్ ఎక్కడ పెట్టాడో చూడండి. అడగడానికి వచ్చింది అత్తరు అమ్మాయి. అడిగించుకున్నవాడి పేరు నవాబు. హైదరాబాదు ముస్లిం అనగానే నవాబూ అత్తరూ జరీ పరదాలూ తప్ప వేరే ఏదీ తోచకపోవడం బొంబాయి సినిమా రోగం. హోర్డింగు వేసినవాడికి కూడా ఆ రోగం అంటుకుంది. తగరపు పనివాడి మనవడి సినిమాలో తగరపు పనివాడు లేడు. ఉన్న ఒక్క పనివాడు ఆ మెకానిక్. ఆయన చేతులకు గ్రీజు అంటినట్టు మాకు గుర్తులేదు. నిజానికి సినిమా మొత్తంలో మేం నమ్మగలిగే బతుకు అతనిది, దాన్ని పట్టించుకోకుండా ప్రేగు పోయారు.

స్వతంత్ర సినిమా అంటే ఏమిటో కూడా ఇక్కడ తేల్చుకోవాలి. హుసేన్ స్వతంత్రంగా తీయగలిగాడు, నిజమే. బొమ్మ అమ్మితే సినిమా ఖర్చు వచ్చేది. నష్టం వస్తే ఇంకో బొమ్మ. 1990ల్లో బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ కట్టి తన బొమ్మలకూ సినిమాకూ ఒక ఇల్లు చూపించాడు. ఇది మా పిల్లలకు దొరికే స్వాతంత్ర్యం కాదు. మా పిల్లల దగ్గర అమ్మడానికి ఉన్నది పనిదినాలు. మా పడమటి మండలాల్లో వానలు మోసం చేస్తే సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరపకోతలకు, సంసారం మూట కట్టుకొని, ఇంటికి తాళం వేసి, పిల్లల్ని బడి మాన్పించి. ఆ పిల్లల్లో ఒకడు సినిమా తీయాలనుకుంటే వాడి దారి ఎట్లా ఉంటుంది? హుసేన్‌కి హోర్డింగు పని దొరికింది. అదీ ఇప్పుడు లేదు. 2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చి ఆదోనిలో, ఎమ్మిగనూరులో, కర్నూలులో బ్రష్షు పట్టినవాళ్లందర్నీ రెండు మూడేళ్లలో ఇంట్లో కూర్చోబెట్టింది. కొందరు ఫ్లెక్సీ షాపులో కంప్యూటరు ముందు కూర్చొని నాయకుల ముఖాలు అతికిస్తున్నారు. కొందరు సున్నాలు కొడుతున్నారు. హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ కాలేజీ 2008 నుంచి ప్రత్యేక యూనివర్సిటీలో భాగమైంది గానీ, ప్రవేశ పరీక్ష ఒకటుందని మా బళ్లలో డ్రాయింగు మాష్టరు చెప్పాలి కదా. అసలు డ్రాయింగు మాష్టరు ఉంటే కదా.

సెల్‌ఫోన్లు వచ్చాయి, ఎవరైనా తీయొచ్చు అంటారు. తీస్తున్నారు కూడా. మా కుర్రాళ్లు సుగ్గి బస్సులు, మొహర్రం పీర్లు, జిన్నింగు మిల్లు గేటు తీసినవి చూశాం. ఎక్కువ భాగం సినిమా పాటలు అతికించి పాడుచేశారు. నాలుగైదింట్లో మాత్రం ఒక చెయ్యో, ఒక గుమ్మమో, కెమెరా వదలకుండా చూసిన క్షణాలున్నాయి. వాళ్లకు ‘గజగామిని’ చూపించవద్దని మేం అనం. మొదట 1967 నాటిది చూపించమంటాం.

అలా ఒకసారి చూపించాం. ఆదోనిలో ఒక ఇంటి మిద్దె మీద, తెల్ల దుప్పటి కట్టి. పదిమంది కుర్రాళ్లు, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు, బ్రష్షు మానేసి పదిహేనేళ్లయిన ముసలి బోర్డు ఆర్టిస్టు ఒకాయన. కుర్రాళ్లు సగంలో ఫోన్లు తీశారు. కథ లేదని ఒకడు గొణిగాడు. ముసలాయన మాత్రం కదలకుండా చూశాడు. అయిపోయాక మళ్లీ వేయమన్నాడు. రెండోసారి లాంతరు దగ్గర ఆపించి దుప్పటి దాకా నడిచిపోయి, వేలితో దాని అంచు వెంట గీసి చూశాడు. ఎట్లా ఉంది చాచా అని అడిగితే, నీడలు బాగా పట్టాడు, చెయ్యి తిరిగిన మనిషే అన్నాడు. తర్వాత కాసేపాగి, పేర్లు పడిన చోట అక్షరాలు ఇంకాస్త లావుగా ఉండాల్సింది, వెనక వరసలో కూర్చున్నోళ్లకు ఆనవు అన్నాడు.